నీడతో మధ్యాహ్నం పట్టుకోవడం: డాబా మీద ఏడాది పొడవునా సాగే కాలక్షేపం

రిటైరయ్యాక డాబా మీద కర్ర నిలబెట్టి రోజూ దాని నీడ గమనిస్తున్నానని రాశారు. గడియారంలో 12 అయ్యేసరికి నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉండాలి కదా, అలా ఉండటం లేదు, ఆ తేడా కూడా నెలనెలా మారుతోంది, కొనితెచ్చిన ఇత్తడి ఎండ గడియారం ఇంకేదో వేళ చూపిస్తోంది, లోపం ఎక్కడుంది అని అడిగారు. మీ చూపులో లోపం లేదు. గడియారంలోనూ లేదు. ఇత్తడి దానిలో మాత్రం నిజంగానే ఉండే అవకాశం ఎక్కువ, దాని సంగతి చివర్లో చెప్తాను.

ముందు 12 గంటల సంగతి. గడియారం చూపేది మీ ఊరి సూర్యుడి వేళ కాదు, దేశానికంతటికీ ఒకటిగా పెట్టుకున్న ప్రామాణిక రేఖాంశపు వేళ. ఆ రేఖాంశం నుంచి మీరు పడమరకు ఉంటే డిగ్రీకి 4 నిమిషాల చొప్పున సూర్యుడు మీ దగ్గర ఆలస్యంగా నడిమింటికి, అంటే ఆ రోజు అన్నిటికన్నా ఎత్తుకు, వస్తాడు, తూర్పుకు ఉంటే అంతే ముందుగా వస్తాడు. 3 డిగ్రీలు పడమరైతే 12 నిమిషాలు. ఇది ఏడాదంతా మారదు.

నెలనెలా మారేది రెండోది, కాల సమీకరణం అంటారు. దీనికి రెండు కారణాలున్నాయి. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారి గుండ్రం కాదు, కొంచెం కోల. జనవరి మొదటి వారంలో సూర్యుడికి దగ్గరగా ఉండి వేగంగా, జూలై మొదటి వారంలో దూరంగా ఉండి నెమ్మదిగా నడుస్తుంది. దీనివల్ల ఏడాదికి ఒక చుట్టుగా దాదాపు 7.7 నిమిషాల వరకు అటూ ఇటూ తేడా వస్తుంది. రెండోది, భూమి ఇరుసు 23.4 డిగ్రీలు వాలి ఉండటం. దీని ప్రభావం ఏడాదికి రెండు చుట్లు తిరుగుతూ దాదాపు 9.9 నిమిషాల వరకు వెళ్తుంది. రెండూ కలిస్తే ఫిబ్రవరి 11 ప్రాంతంలో సూర్యుడు 14 నిమిషాల పైచిలుకు వెనకబడతాడు, మే 14 ప్రాంతంలో మూడున్నర నిమిషాలకు పైగా ముందుంటాడు, జూలై 26 ప్రాంతంలో ఆరున్నర నిమిషాలు వెనక, నవంబరు 3 ప్రాంతంలో దాదాపు పదహారున్నర నిమిషాలు ముందు. ఏప్రిల్ 15, జూన్ 13, సెప్టెంబరు 1, డిసెంబరు 25 తేదీల్లో, ఒక రోజు అటూ ఇటూగా, తేడా సున్నా.

కాబట్టి మీ దగ్గర అసలు మధ్యాహ్నం ఎప్పుడంటే: 12 గంటలకు రేఖాంశం తేడా కలపండి (తూర్పున ఉంటే తీసేయండి), సూర్యుడు ముందున్న రోజుల్లో ఆ నిమిషాలు తీసేయండి, వెనకున్న రోజుల్లో కలపండి. ప్రామాణిక రేఖాంశానికి 3 డిగ్రీలు పడమరగా ఉన్న చోట నవంబరు 3న 11 గంటల 55 నిమిషాలు దాటాక, ఫిబ్రవరి 11న 12 గంటల 26 నిమిషాలకు. మూడు నెలల్లో అరగంట తేడా. కర్ర నీడ దగ్గర కూర్చునే మనిషికి ఇది కనబడకుండా ఎలా ఉంటుంది?

ఇక చేయడం. ఎండ గడియారంతో మొదలుపెట్టకండి. ముందు మధ్యాహ్న రేఖ, అంటే కచ్చితమైన ఉత్తర దక్షిణ గీత, గీయండి. దాని మీద ఏడాది పాటు చుక్కలు పెట్టండి. గడియారం ఆ తర్వాత చేసుకుంటే దాన్ని ఎలా నిలపాలో ఎవరూ చెప్పనక్కర్లేదు.

కర్ర నీడతో వచ్చే చిక్కు దాని కొన మసకగా ఉండటం. సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న బింబం. అందువల్ల నీడ అంచు, అడ్డు ఉన్న దూరంలో సుమారు 108వ వంతు మేర చెదురుతుంది. మీటరు దూరంలో అది 9 మిల్లీమీటర్లు. కర్రను ఇంకా పొడుగు చేస్తే నీడ పెరుగుతుంది, మసకా అంతే పెరుగుతుంది. జైపూర్ జంతర్ మంతర్‌లో సవాయి జైసింగ్ కట్టించిన సమ్రాట్ యంత్రమనే పెద్ద ఎండ గడియారం 27 మీటర్ల ఎత్తుంటుంది. వేళ చదివే వంపు గోడలు దాని నీడ అంచుకు సుమారు 15 మీటర్ల దూరంలో ఉన్నాయి, అంటే అక్కడ అంచు 14 సెంటీమీటర్ల మేర చెదురుతుంది. అందులో నడుమ ఎక్కడుందో పట్టుకోవడమే చదివేవాడి నేర్పు.

ఇంట్లో దీనికి సులువైన విరుగుడు కర్ర కొనకు బదులు బెజ్జం పెట్టడం. చెట్టు కింద ఎండ మచ్చలు గుండ్రంగా ఉండటం చూసే ఉంటారు. ఆకుల సందులు ఏ ఆకారంలో ఉన్నా మచ్చ గుండ్రంగానే ఉంటుంది, ఎందుకంటే అది సందు ఆకారం కాదు, సూర్యబింబం. పాక్షిక గ్రహణం రోజున అవే మచ్చలు నెలవంకలవుతాయి. మనమూ నేల మీద ఆ బింబాన్నే పడేలా చేస్తాం. దానికి రెండు అంచులుంటాయి కాబట్టి నడుమ కొలవొచ్చు, మిల్లీమీటరు రెండు మిల్లీమీటర్ల తేడాలో.

కావలసినవి ఇవి: 15 సెంటీమీటర్ల చదరపు పల్చటి డబ్బా రేకు, దాన్ని నేలకు మీటరు ఎత్తున పట్టి ఉంచే కదలని ఆధారం, 120 సెంటీమీటర్ల పొడవు 40 సెంటీమీటర్ల వెడల్పున్న తెల్ల రంగు వేసిన ప్లైవుడ్ పలక, దారం, దానికి కట్టడానికి ఒక బరువైన నట్టు, రసమట్టం, స్కేలు, పెన్సిలు. రేకు నడుమ 4 మిల్లీమీటర్ల బెజ్జం వేసి అంచులు ఆకురాయితో నున్నగా చేయండి. ఇంతకన్నా పెద్దదైతే మచ్చ వెలుగు పెరుగుతుంది కానీ అంచు చెదురుతుంది, మరీ చిన్నదైతే మధ్యాహ్నపు వెలుగులో మచ్చ కనబడదు. రేకు 15 సెంటీమీటర్లు ఉండాలనడానికీ అదే కారణం: దాని నీడ మధ్యలో పడితేనే మచ్చ తేటగా కనిపిస్తుంది.

రేకుకు బదులు మందపాటి అట్ట వాడటం చాలామంది చేసే పొరపాటు. సూర్యుడు నిలువు నుంచి 43 డిగ్రీలు వాలి ఉన్నప్పుడు 3 మిల్లీమీటర్ల మందం ఉన్న అట్టలో 4 మిల్లీమీటర్ల బెజ్జం దాదాపు మూడొంతులు మూసుకుపోయినట్టే. చలికాలంలో మచ్చ మాయమైందని కంగారుపడేది ఇందుకే.

ఆధారం సంగతి అన్నిటికన్నా ముఖ్యం. విడి స్టాండు మీద పెడితే గాలికో, మరొకరి కాలు తగిలో జరుగుతుంది, ఏడాది పని ఒక్క రోజులో పోతుంది. పిట్టగోడకు బిగించిన ఇనుప చట్రం మేలు. కానీ గోడ నీడ మధ్యాహ్నం పలక మీద పడకూడదు, సూర్యుడు కింద నుంచి వెళ్లే డిసెంబరులో కూడా. దక్షిణం వైపు ఎత్తైన కట్టడమో చెట్టో ఉంటే డిసెంబరు మధ్యాహ్నం ఒకసారి చూసుకుని చోటు ఎంచుకోండి. వంగి కూర్చోవడం మోకాళ్లకు కష్టమైతే పలకను నడుమెత్తు బల్ల మీద బిగించి, రేకును దానికి మీటరు పైన కట్టొచ్చు. లెక్క ఏమీ మారదు. బల్ల కదలకూడదు, అంతే.

దారానికి నట్టు కట్టి బెజ్జం నడుమ నుంచి వేలాడదీయండి, తాపీమేస్త్రీ తూకపు గుండు ఉంటే ఇంకా మంచిది. ఊగడం ఆగకపోతే నట్టును నీళ్ల గిన్నెలో ముంచండి, క్షణాల్లో నిలుస్తుంది. గిన్నె తీసి దారం సరిగ్గా ఎక్కడ చూపుతుందో అక్కడ పలక మీద చిన్న మేకు గుర్తు పెట్టండి. ఇదే పాదబిందువు. నెలకోసారి మళ్లీ వేలాడదీసి అదే గుర్తు మీద పడుతోందో లేదో చూడాలి. పక్కకు జరిగితే చట్రం వంగిందనో పలక ఉబ్బిందనో అర్థం.

ఇప్పుడు ఉత్తరం ఎటు? దిక్సూచిని నమ్మకండి. అది అయస్కాంత ఉత్తరాన్ని చూపుతుంది, అసలు ఉత్తరాన్ని కాదు. దానికి తోడు శ్లాబులోని ఇనుప ఊచలు ముల్లును ఎటో లాగుతాయి. ఫోనులోని దిక్సూచిదీ అదే గతి. సూర్యుడినే అడగడం మేలు, అందుకు రెండు దారులున్నాయి.

పాతది శంకువు పద్ధతి, శంకువంటే ఇక్కడ నిలువు కర్ర. ప్రాచీన ఖగోళ గ్రంథం సూర్యసిద్ధాంతంలో ఉన్నదే. చదునైన నేల మీద 12 అంగుళాల (ఇంచీలు కాదు, వేలి వెడల్పులు) శంకువు నిలిపి, దాని పాదం కేంద్రంగా వృత్తం గీస్తారు. ఉదయం నీడ కొన వృత్తం లోపలికి వచ్చే చోట ఒక గుర్తు, మధ్యాహ్నం తర్వాత బయటకు వెళ్లే చోట ఒక గుర్తు. రెంటినీ కలిపితే తూర్పు పడమర గీత. ఆ రెండు గుర్తుల నుంచి సమానమైన చాపాలు గీస్తే చేప ఆకారం వస్తుంది, ఆ చేప తలా తోకా కలిపిన గీతే ఉత్తర దక్షిణం. చాలా అందమైన పద్ధతి, గడియారం అక్కర్లేదు. నడిమింటికి రెండేసి గంటలు ముందూ వెనకా పడే గుర్తులు తీసుకుంటే చక్కగా వస్తుంది. నీడ అతి పొట్టిగా ఉన్న క్షణాన్ని పట్టుకుని గీత గీయాలని మాత్రం చూడకండి. ఆ సమయంలో నీడ పొడవు పావుగంట పాటు మారనట్టే ఉంటుంది, దిక్కు మాత్రం గబగబా తిరిగిపోతూ ఉంటుంది. మీరు రోజూ చూస్తున్నా తేలకపోవడానికి సగం కారణం ఇదే.

ఈ పద్ధతిలో రెండు చోట్ల మోసపోతాం. డాబాకు నీళ్లు పోవడానికి వాలు ఉంచుతారు, కంటికి తెలియదు. వాలు తూర్పుకో పడమరకో ఉంటే ఒక వైపు నీడ సాగుతుంది, గీత తప్పుతుంది. పలకను రసమట్టంతో రెండు దిక్కులా మట్టం చేయాల్సిందే. రెండోది, మార్చి, సెప్టెంబరు నెలల్లో సూర్యుడు ఉత్తర దక్షిణాలుగా రోజుకు దాదాపు 0.4 డిగ్రీ జరుగుతాడు. ఉదయపు గుర్తుకూ సాయంత్రపు గుర్తుకూ నడుమ కూడా ఆ జరుగుడు ఉంటుంది కాబట్టి గీత కొంచెం మెలిక పడుతుంది. జూన్ 21, డిసెంబరు 21 ప్రాంతాల్లో ఆ జరుగుడు లేనట్టే, అప్పుడు గీస్తే మంచిది. అయితే కర్కట, మకర రేఖల నడుమ ఉన్న చోట్ల సూర్యుడు నడినెత్తి మీదికి వచ్చే రోజుల దగ్గర నీడ పాదం కిందికే చేరిపోతుంది, అప్పుడు ఈ పద్ధతి పనికిరాదు. అక్కడివాళ్లకు డిసెంబరే సరైన కాలం. (ఇదంతా భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్నవాళ్లకు రాస్తున్నాను. దక్షిణాన ఉంటే దిక్కులు, రుతువులు తారుమారు చేసుకోండి.)

రెండో దారి గడియారంతో. పైన చెప్పిన లెక్కతో ఆ రోజు అసలు మధ్యాహ్నం ఏ నిమిషంలోనో తీయండి. ఆ నిమిషానికి మచ్చ నడుమ ఎక్కడుందో గుర్తు పెట్టండి. పాదబిందువు నుంచి ఆ గుర్తుకు గీత గీయండి. మధ్యాహ్న రేఖ తయారు. ఇందులో ఒక గొప్ప సౌలభ్యం ఉంది: పలక ఏటవాలుగా ఉన్నా గీత తప్పదు. తూకపు దారమూ నడిమింటి సూర్యుడూ ఒకే నిలువు తలంలో ఉంటారు, ఆ తలం పలకను ఏ వాలులో కోసినా తిన్నని గీతే వస్తుంది. మీటరు ఎత్తులో మచ్చ నిమిషానికి 4 నుంచి ఐదున్నర మిల్లీమీటర్లు జరుగుతుంది కాబట్టి అర నిమిషం తేడా అయినా కంటికి తెలుస్తుంది. చలికాలంలో, అంటే మచ్చ పాదబిందువుకు దూరంగా పడే రోజుల్లో, నాలుగైదు సార్లు గుర్తులు తీసి సగటున గీత గీయండి. నా ఓటు దీనికే. శంకువు పద్ధతిని సరిచూసుకోవడానికి ఒక్కసారైనా చేయండి, రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడితే ఆ సంతోషం వేరు.

ఇక ఏడాది పని. రోజూ అసలు మధ్యాహ్నానికి కాకుండా, ఎప్పుడూ గడియారంలో ఒకే వేళకు మచ్చ నడుమ చుక్క పెట్టండి. ఆ వేళ 12 గంటలకు మీ రేఖాంశం తేడా కలిపినది, పై ఉదాహరణలో 12:12. వారానికో చుక్క చాలు, పక్కన తేదీ రాయండి. మచ్చ కోలగా ఉన్నప్పుడు దాని నాలుగు అంచులూ గీసి నడుమ తీయండి, చూపుతో అంచనా వేయకండి. పలక మీద పెట్టిన చుక్కను పుస్తకంలో కూడా ఎక్కించండి: పాదబిందువు నుంచి ఎన్ని మిల్లీమీటర్లు ఉత్తరం, మధ్యాహ్న రేఖ నుంచి ఎన్ని మిల్లీమీటర్లు తూర్పు లేదా పడమర. వానకు పలక మీది పెన్సిలు పోయినా పుస్తకం ఉంటుంది. మబ్బు పట్టిన వారం ఖాళీ వదిలేయండి, ఊహించి నింపొద్దు. ఊహతో పెట్టిన ఒక్క చుక్క మిగతా యాభైని అనుమానంలో పడేస్తుంది.

చుక్కలు కలిస్తే 8 అంకె వస్తుంది. అక్షాంశం 20 డిగ్రీలనుకుందాం, బెజ్జం మీటరు ఎత్తున ఉంది. డిసెంబరు 21న మచ్చ పాదబిందువుకు ఉత్తరాన 95 సెంటీమీటర్ల దూరంలో పడుతుంది, పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తుల్లో (మార్చి, సెప్టెంబరు) 36 సెంటీమీటర్లు, జూన్ 21న దక్షిణం వైపు 6 సెంటీమీటర్లు. అందుకే పలకను పాదబిందువుకు దక్షిణంగా కూడా కొంచెం జరిపి పరచాలి. మీ అక్షాంశానికి లెక్క ఇదే: అక్షాంశంలోంచి ఆ రోజు సూర్యుడి క్రాంతి (భూమధ్యరేఖ తలానికి ఎన్ని డిగ్రీలు ఉత్తరంగా ఉన్నాడో అది, దక్షిణమైతే మైనస్) తీసేసి, వచ్చిన కోణపు టాంజెంటును ఎత్తుతో గుణించండి. నవంబరు మొదట్లో చుక్క రేఖకు తూర్పుగా 8 సెంటీమీటర్లకు పైగా, ఫిబ్రవరి నడుమ పడమరగా 7 సెంటీమీటర్లకు పైగా వెళ్తుంది. చలికాలపు బుంగ అంత లావుగా ఉంటే ఎండాకాలపు బుంగ వెడల్పు 4 సెంటీమీటర్లకు కాస్త పైన, అంతే. రెండు బుంగలూ ఏప్రిల్ నడుమ, ఆగస్టు చివర ఒకే చోట కలుసుకుంటాయి. వేళ తప్పుగా ఎంచుకుంటే 8 అంకె ఒక పక్కకు జరిగి వాలుతుంది, అది తప్పు కాదు కానీ రేఖ నడుమలో ఉండదు.

విషువత్తు రోజున ఇంకో చిన్న పని చేయండి. ఉదయం 9 నుంచి సాయంత్రం 3 దాకా వీలైనంతవరకు అరగంటకో గుర్తు పెట్టండి, మచ్చ పలక దాటే వేళల్లో పక్కన ఇంకో అట్ట మట్టంగా పరచండి. గుర్తులన్నీ తూర్పు పడమరలుగా ఒకే తిన్నని గీత మీద పడతాయి. మిగతా రోజుల్లో వంపు తిరుగుతాయి, వేసవిలో ఒకవైపు, చలికాలంలో రెండోవైపు. ఆ గీత మధ్యాహ్న రేఖకు లంబంగా రాకపోతే పలక తూర్పు పడమరల్లో మట్టం తప్పిందనో మధ్యాహ్న రేఖే తప్పిందనో అర్థం.

ఈ 8 అంకె అర్థమయ్యాక ఇంకో సందేహం కూడా తీరుతుంది. ఏడాదిలో అతి చిన్న పగలు డిసెంబరు 21 ప్రాంతంలో అయినా, తొందరగా సూర్యుడు అస్తమించేది ఆ రోజు కాదు. ఉష్ణమండలంలో ఉత్తరాన నవంబరు చివరి రోజుల్లోనే అది అయిపోతుంది, ఆలస్యంగా ఉదయించేది జనవరి నడిమి తర్వాత. నవంబరు మొదటి నుంచి ఫిబ్రవరి దాకా అసలు మధ్యాహ్నమే రోజురోజుకూ వెనక్కి జరుగుతోంది కదా, ఉదయాస్తమయాలు రెంటినీ అది తనతో లాక్కుపోతుంది.

డాబా ఎక్కడం కష్టమైతే దక్షిణం కిటికీకి రేకు కట్టి, గది నేల మీద మచ్చ పడేలా చేయొచ్చు. గది చీకటిగా ఉంటుంది కాబట్టి బెజ్జం ఎత్తుగా, చిన్నగా పెట్టినా బింబం తేటగా వస్తుంది. 1655లో ఖగోళ శాస్త్రవేత్త కసీని ఇటలీలోని బొలోన్యా నగరంలో సాన్ పెట్రోనియో చర్చి నేల మీద గీసిన మధ్యాహ్న రేఖ ఇదే పద్ధతి. కప్పులో 27 మీటర్ల ఎత్తున బెజ్జం, నేల మీద దాదాపు 67 మీటర్ల గీత.

జాగ్రత్త ఒక్కటే: బెజ్జంలోంచి పైకి సూర్యుడి వైపు చూడకండి, ఒక్క క్షణం కూడా. చూపు ఎప్పుడూ పలక మీదే. టోపీ పెట్టుకుని, ఆ వేళకు ఐదు నిమిషాల ముందు వెళ్లి, గుర్తు పెట్టి దిగిపోండి.

ఇప్పుడు ఇత్తడి ఎండ గడియారం. దాని నడుమ ఏటవాలుగా ఉన్న రెక్క పలకతో చేసే కోణాన్ని కోణమానినితో కొలవండి. ఆ కోణం మీ అక్షాంశంతో సమానంగా ఉండాలి. అలంకారానికి అమ్మేవి చాలావరకు ఎక్కడో ఉత్తర దేశాల కోసం వేసిన నమూనాలు, 50 డిగ్రీల దగ్గర ఉంటాయి. పారేయనక్కర్లేదు. మీ అక్షాంశం 20 అయితే 30 డిగ్రీల చీలిక తయారు చేసి పలక దక్షిణపు అంచు కింద పెట్టి ఎత్తండి, రెక్క ధ్రువం వైపు తిరుగుతుంది, గీతలు పనిచేస్తాయి. రెక్కకు కోణం సరిగానే ఉండి గంటల గీతలు సమానమైన ఎడంతో ఉంటే మాత్రం అది బొమ్మే. పడుకోబెట్టిన పలక మీద గీతలు సమానంగా రావు. 20 డిగ్రీల అక్షాంశంలో మధ్యాహ్న రేఖ నుంచి ఒంటిగంట గీత 5.2 డిగ్రీలు, రెండుది 11.2, మూడుది 18.9, నాలుగుది 30.6, ఐదుది 51.9, ఆరుది 90 ఉండాలి. అక్షాంశపు సైనును గంటకు 15 డిగ్రీల లెక్కన వచ్చే కోణపు టాంజెంటుతో గుణిస్తే గీత కోణపు టాంజెంటు వస్తుంది.

చూశారా, తక్కువ అక్షాంశాల్లో మధ్యాహ్నం దగ్గర గీతలన్నీ ఇరుక్కుపోతాయి. అందుకని అక్కడ పడుకోబెట్టిన పలక కన్నా నిటారుగా వాలిన గుండ్రటి పలక మేలు. 20 సెంటీమీటర్ల గుండ్రటి పలకకు రెండు ముఖాల మీదా 15 డిగ్రీలకో గీత, అన్నీ సమానంగా. నడుమ నుంచి లంబంగా సన్నని కర్ర, మూలమట్టం పెట్టి చూసుకోండి. కర్ర కింది భాగం పొడవు, పలక అర్ధవ్యాసాన్ని అక్షాంశపు టాంజెంటుతో భాగిస్తే వస్తుంది. 20 డిగ్రీలకు 27.5 సెంటీమీటర్లు. పలక అంచూ కర్ర కొనా రెండూ నేలను తాకేలా పెడితే వాలు దానంతటదే కుదురుతుంది. కర్ర పైకి ఉత్తరం చూపాలి, పై ముఖం మీద 5 సెంటీమీటర్లు పొడుచుకు వస్తే చాలు. మార్చి నుంచి సెప్టెంబరు దాకా పై ముఖం మీద నీడ సవ్యంగా తిరుగుతుంది, మిగతా ఆరు నెలలు కింది ముఖం మీద అపసవ్యంగా. అంకెలు వేసేటప్పుడు చాలామంది తప్పేది ఇక్కడే. రెంటిలోనూ 12 పలక అడుగున. విషువత్తుల దగ్గర కొన్ని రోజులు ఎండ అంచును రాసుకుంటూ పోతుంది, ఏ ముఖమూ చదవలేం. మీ మధ్యాహ్న రేఖ మీద కర్రను కూర్చోబెట్టండి, పలకను రేఖాంశం తేడా ఎన్ని డిగ్రీలో అన్ని డిగ్రీలు తిప్పి బిగిస్తే కాల సమీకరణం ఒక్కటే సరిచేసుకోవాలి. ఆ పట్టిక అప్పటికి మీ 8 అంకెలోనే ఉంటుంది.

ఏడాది తిరిగాక పలకను తీసేయకండి. రెండో ఏడు మార్చి 20 ప్రాంతంలో అదే తేదీన అదే వేళకు చుక్క పెట్టి చూడండి. పాత చుక్క మీద పడదు, 2 మిల్లీమీటర్లు ఉత్తరానికి జరిగి ఉంటుంది. సంవత్సరం 365 రోజుల మీద దాదాపు పావు రోజు ఎక్కువ, ఆ పావు రోజు వెనకబాటు అది. మూడో ఏడు ఇంకో 2 మిల్లీమీటర్లు. బెజ్జం రెండు మీటర్ల ఎత్తున కడితే 4 చొప్పున ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఫిబ్రవరికి 29 రోజులొచ్చిన ఏడు చుక్క ఒక్కసారిగా వెనక్కి వస్తుంది, నాలుగేళ్లు తిరిగేసరికి మొదటి దాని పక్కన కూర్చుంటుంది.